28 నెలల గాలి

వానాకాలంలో ఒక సాయంత్రం బేగంపేట వాతావరణ కేంద్రం నుంచి ఎగిరే బెలూను వెంట మనమూ పైకి పోగలిగితే, మొదటి ఐదారు కిలోమీటర్ల ఎత్తు దాకా ఉప్పల్, ఘట్‌కేసర్‌ల వైపు కొట్టుకుపోతాము. ఎందుకంటే నైరుతి ఋతుపవనాలు ఈ నగరం మీద దాదాపు పడమటి గాలులుగానే వీస్తాయి. ఆ పైన గాలి మందగించి, క్రమంగా దిశ మార్చుకుంటుంది. 15 కిలోమీటర్ల దగ్గర తూర్పు నుంచి పడమరకు గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెత్తే ఒక ప్రవాహం మనల్ని వచ్చిన దారినే వెనక్కి లాక్కుపోతుంది. దీనిని ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహమంటారు. 1958లో దీని స్వరూపాన్ని వివరించినవారు పంచేటి కోటేశ్వరం. తరవాతి కాలంలో ఆయన భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. చలికాలం వచ్చేసరికి ఈ అమరిక తారుమారై, నేల దగ్గర తూర్పు గాలి, పైన పడమటి గాలి వీస్తాయి.

ఇలా ఏడాదికొకసారి గాలి తిరగబడడం మనకు వింతగా తోచదు, కారణం కళ్లెదుటే ఉంది గనుక. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాటా, మృగశిర ప్రవేశించగానే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదానికి కట్టే బారులూ ఈ లెక్కకు చెందినవే: 27 కార్తెలు, ఒక్కొక్కటి 13 లేక 14 రోజులు, వెరసి సూర్యుడి ఒక చుట్టు. ఇంతకన్నా చిన్న చక్రమూ ఒకటుంది. సెల్‌ఫోనులో బారోమీటరు ఉన్నవారు తుపాను, వాయుగుండం లేని రోజున గమనిస్తే, ఉదయం పది గంటల ప్రాంతంలో గాలి పీడనం పెరిగి, సాయంత్రం నాలుగింటికి తగ్గి, రాత్రి పదికి మళ్లీ పెరుగుతుంది. పైనున్న ఓజోనూ నీటి ఆవిరీ ఎండను పీల్చుకుని వేడెక్కడం వల్ల పుట్టే ఈ ఆటుపోటు కూడా సూర్యుడిదే.

సూర్యుడి గడియారంతో నిమిత్తం లేకుండా తనంత తానుగా తిరిగే గాలి చక్రం ఇంకొకటి ఉంది. అది భూమధ్యరేఖ మీద, సుమారు 16 నుంచి 40 కిలోమీటర్ల ఎత్తులో, స్ట్రాటో ఆవరణంలో ఉంటుంది. దాని ఆచూకీ మొదట ఒక అగ్నిపర్వతం వల్ల తెలిసింది. 1883 ఆగస్టులో ఇండోనేషియాలోని క్రకటోవా బద్దలైనప్పుడు, ఆకాశానికెగసిన ధూళి భూమధ్యరేఖ వెంబడి పడమర దిశగా సాగి, దాదాపు రెండు వారాల్లో భూమిని చుట్టి వచ్చింది. కాబట్టి అంత ఎత్తున ఎప్పుడూ తూర్పు గాలే వీస్తుందని పండితులు నిర్ణయించారు. 1908లో జర్మన్ శాస్త్రవేత్త ఆర్థర్ బెర్సన్ తూర్పు ఆఫ్రికాలో బెలూన్లు ఎగరేసి చూస్తే, అదే ప్రాంతంలో పడమటి గాలి ఎదురైంది. ఇద్దరి మాటా కాదనలేక, తూర్పు గాలుల నడుమ సన్నటి పడమటి పాయ ఒకటి ఉందని సర్దుబాటు చేసుకుని అర్ధశతాబ్దం గడిపారు. రెండు పరిశీలనలూ సరైనవే, తేడా అంతా చూసిన ఏడాదిలో ఉందన్న ఊహ రావడానికి నెలల తరబడి ఎడతెగకుండా కొలిచిన లెక్కలు కావలసి వచ్చాయి. 1960-61లో అమెరికాలో రిచర్డ్ రీడ్, బ్రిటన్‌లో ఎబ్డన్, వెరియార్డ్ ఎవరికి వారుగా ఆ సంగతి తేల్చారు: అక్కడ తూర్పు గాలి ఏడాది పైచిలుకు వీచి, దాని స్థానంలో పడమటి గాలి వచ్చి, అదీ ఏడాది పైచిలుకు ఉండి, మళ్లీ తూర్పు గాలికి చోటిస్తుంది. చుట్టుకు సగటున 28 నెలలు; ఒక్కోసారి రెండేళ్లకన్నా తక్కువ, ఒక్కోసారి మూడేళ్లకు దగ్గర. దీనికి పెట్టిన పేరు క్వాసై బయెనియల్ ఆసిలేషన్, పొడి అక్షరాల్లో క్యూబీవో. రమారమి రెండేళ్ల డోలనం అని చెప్పుకోవచ్చు.

ఇందులో అసలు చిక్కు వేరే ఉంది. కొత్త గాలి పైన మొదలై, నెలకు సుమారు ఒక కిలోమీటరు చొప్పున కిందికి దిగుతుంది. కింద గాలి సాంద్రత ఎక్కువ. పలచటి పై గాలి తన బలంతోనే దట్టమైన కింది గాలిని తోసివేయలేదు. శక్తి కింది నుంచే రావాలి, కాని మార్పు పై నుంచి దిగాలి. 1968లో రిచర్డ్ లిండ్జెన్, జేమ్స్ హోల్టన్ ఈ ముడి విప్పారు, 1972లో ఆ వివరణను సరిదిద్దారు. ఉష్ణమండలంలో ఉరుములతో కురిసే మేఘాలు గాలిలో తరంగాలు పుట్టిస్తాయి. వాటిలో కొన్ని తూర్పుకు, కొన్ని పడమరకు సాగుతూ పైకి పాకుతాయి. ఒక తరంగం తనతో సమానమైన వేగంతో, తన దిశలోనే వీచే గాలి పొరను చేరిందంటే అక్కడే నీరసించి, తన తోపుడు బలాన్ని ఆ పొర కింది అంచుకు అప్పగిస్తుంది. అపార్ట్‌మెంటు సన్‌షేడ్ కింద తేనెపట్టు పెరిగే తీరు ఇటువంటిదే: తేనెటీగలు ఎటునుంచి ఎగిరివచ్చినా మైనాన్ని కింది అంచుకే చేరుస్తాయి, పట్టు కిందికి సాగుతుంది. పడమటి గాలి పొర అలా దిగుతున్నంతకాలం తూర్పుకు పోయే తరంగాలు దాన్ని దాటలేవు. పడమరకు పోయేవి మాత్రం అడ్డులేకుండా దాటిపోయి, ఇంకా పైన తూర్పు గాలికి పునాది వేస్తాయి. కిందికి దిగిన పొర 17 కిలోమీటర్ల దగ్గర పలచబడి అంతరించగానే దారి తెరుచుకుని, వంతు మారుతుంది.

ఇది కాగితం మీది కల్పన కాదనడానికి 1978లో ప్లంబ్, మెక్‌ఇవాన్ చేసిన ప్రయోగం ఉంది. ఉంగరం ఆకారపు తొట్టిలో, అడుగున చిక్కగా, పైకి పోను పోను పలచగా ఉండేటట్టు ఉప్పునీరు నింపి, అడుగున అమర్చిన రబ్బరు పొరను ఒకే తీరున ఆడించారు. ఆడించే తీరు మారకపోయినా నీరు ఒకవైపు తిరగడం మొదలుపెట్టి, కొంతసేపటికి ఆగి, రెండోవైపు తిరిగింది, మళ్లీ ఇటు తిరిగింది. నాకు తెలిసిన ప్రయోగాల్లో ఇంత తక్కువ సరంజామాతో ఇంత పెద్ద విషయాన్ని చూపినది మరొకటి లేదు.

గాలితోపాటు ఉష్ణోగ్రతా మారుతుంది. కింద తూర్పు గాలి, పైన పడమటి గాలి ఉన్న సంధి పొరలో గాలి కొద్దిగా కిందికి అణగి వేడెక్కుతుంది. అమరిక తలకిందులైనప్పుడు చల్లబడుతుంది. తేడా అటూ ఇటూ నాలుగు డిగ్రీల లోపే అయినా, సున్నాకు 80 డిగ్రీల దిగువనుండే ఆ ఎత్తులో, పైకి పోయే నీటి ఆవిరి ఎంతన్నది ఆ కొద్దిపాటి తేడా మీద ఆధారపడుతుంది.

హైదరాబాదుకు ఇందులో వాటా కొంచెమే. భూమధ్యరేఖ నుంచి 12 డిగ్రీలు దూరం జరిగేసరికి ఈ డోలనం సగానికి పైగా సన్నగిల్లుతుంది. మనం 17 డిగ్రీలు దాటి ఉన్నాము. మన నెత్తిన స్ట్రాటో ఆవరణంలోనూ ఏలుబడి ఋతువులదే. ఈసీఐఎల్ దగ్గరున్న టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం 1969 నుంచి భారీ బెలూన్లను ఎక్కువగా చలికాలంలోనే ఎగరేయడానికి కారణం, అప్పుడు పై గాలులు నెమ్మదించి ఉండడమే. బెలూను ఎక్కడ వాలుతుందో గాలి చెప్పినట్టే జరుగుతుంది: 2022 డిసెంబరులో అలా ఎగిరిన ఒక గుండ్రటి క్యాప్సూల్ వికారాబాద్ జిల్లాలోని పొలాల్లో దిగితే, గ్రహాంతర వాహనమేమోనని జనం చూడడానికి పరుగెత్తారు. ఇక క్యూబీవోకూ మన వానలకూ ఏదో కొంత సంబంధం చూపిన అధ్యయనాలు ఉన్నాయి గాని, దాన్ని చూసి తెలంగాణ రైతు పత్తి విత్తే రోజు నిర్ణయించుకోవచ్చుననడం నా ఉద్దేశంలో సాహసం.

సూర్యుడు నడపని గడియారం గనుక దానికి తప్పటడుగులూ ఉన్నాయి. 1953 నుంచి వరుసగా నమోదైన లెక్కల్లో ఏనాడూ లేనిది 2016 ఫిబ్రవరిలో కనిపించింది. దిగుతున్న పడమటి గాలి పొర నడుమ, సుమారు 23 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు గాలి చొరబడి దాన్ని రెండుగా చీల్చింది. ఉత్తరార్ధగోళపు చలికాలంలో లేచిన తరంగాలు పక్క నుంచి వచ్చి పడడం దీనికి ముఖ్య కారణమని తేలింది; కింది నుంచి వచ్చే తరంగాలనే నమ్ముకున్న ముందస్తు అంచనాలేవీ దీన్ని పసిగట్టలేదు. ఆ ఏడాదిలోనే పడమటి గాలి మళ్లీ మామూలుగా దిగసాగింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 2019-20 చలికాలంలో, దాదాపు అదే ఎత్తున ఆ పొర మరోసారి చీలింది.