రేంజర్స్ ఉత్తరం వెనుక కథ: ఓడుతున్న జట్టు ఎవరిని వదులుకోవాలి?

2018 ఫిబ్రవరి 8న న్యూయార్క్ రేంజర్స్ ఐస్ హాకీ జట్టు తన అభిమానులకు ఒక బహిరంగ లేఖ రాసింది. ప్రెసిడెంట్ గ్లెన్ సాథర్, జనరల్ మేనేజర్ జెఫ్ గోర్టన్ దాని మీద సంతకాలు పెట్టారు. జట్టును కొత్తగా కట్టబోతున్నామని, ఆ క్రమంలో మీకు బాగా ఇష్టమైన కొందరు వెళ్లిపోవచ్చని అందులో ముందే చెప్పేశారు. జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునే గడువుకు, అంటే ట్రేడ్ డెడ్‌లైన్‌కు, అప్పటికి ఇంకా 18 రోజులుంది. ఆ సీజన్‌లో ప్లేఆఫ్స్ ఆశ పూర్తిగా పోలేదు కూడా. అయినా దుకాణం తెరిచి, అమ్మకం మొదలైందని చెప్పేశారు.

జట్టు తడబడుతున్న ప్రతి ఏడాదీ ఫిబ్రవరి చివర్లో, మార్చి మొదట్లో ఉత్తర అమెరికా హాకీ ఊళ్లలో ఒకటే చర్చ: ఎవరిని ట్రేడ్ చేసేయాలి? సరిగ్గా ఆడనివాళ్ల పేర్లే ముందు బయటికొస్తాయి. నిజానికి ఆ జాబితాకు ఫామ్‌తో ఉన్న సంబంధం తక్కువ. కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుంది, జీతం ఎంత, నాలుగైదేళ్ల క్రితం ఇదే జట్టు ఏమేం కొని ఏమేం పోగొట్టుకుంది అన్న లెక్కలే చాలావరకు పేర్లను తేల్చేస్తాయి. అది బాగా తెలియాలంటే రేంజర్స్ కథ చూడాలి. కొన్నప్పుడు కప్పు గెలిచారు, అమ్మినప్పుడు పదే పదే చేతులు కాల్చుకున్నారు.

మన దగ్గర ఐపీఎల్‌లోనూ ట్రేడ్ ఉంది. 2023 నవంబర్‌లో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి వెళ్లింది అలాగే. కాకపోతే అది సీజన్ల మధ్య జరిగే వ్యవహారం. రేంజర్స్ ఆడే ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో సీజన్ నడుస్తుండగానే, ఇంకా ఇరవై చిల్లర మ్యాచ్‌లు ఉండగానే ఆటగాళ్లు చేతులు మారతారు. డెడ్‌లైన్ రోజు న్యూయార్క్ టైమ్ ప్రకారం మధ్యాహ్నం 3 గంటలకు గడువు ముగుస్తుంది. మనకు అది అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర. ఆ తర్వాత వచ్చినవాడు ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో కొత్త జట్టుకు ఆడలేడు. గెలుస్తామనుకునే జట్లు కొంటాయి, ఆశ వదులుకున్న జట్లు అమ్ముతాయి. అమ్మే జట్టుకు బదులుగా వచ్చేవి ముఖ్యంగా రెండు: ఇంకా పేరు రాని కుర్రాళ్లు, రాబోయే డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను జట్లు రౌండ్ల వారీగా వంతులేసుకుని ఎంచుకునే చోట) ఎంపిక హక్కులు, అంటే పిక్‌లు.

కాంట్రాక్టు ఆ ఏడాదే ముగిసేవాడు అమ్మకం జాబితాలో ఎప్పుడూ ముందుంటాడు. జూలై 1 వస్తే అతను ఫ్రీ ఏజెంట్. నచ్చిన జట్టుకు వెళ్లిపోతాడు, పాత జట్టుకు పైసా రాదు. అందుకే ఫిబ్రవరిలోనే ఇచ్చేసి ఏదో ఒకటి తెచ్చుకోవాలి. కొనే జట్టు కూడా అతన్ని రెండు మూడు నెలలకు అద్దెకు తెచ్చుకున్నట్టే చూస్తుంది. హాకీవాళ్లు అతన్ని రెంటల్ అనే పిలుస్తారు. వయసు ఇంకా తక్కువగా ఉన్నవాడి కాంట్రాక్టు ముగిసినా హక్కులు జట్టు దగ్గరే ఉంటాయి. ఈ తేడా గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

ఎడిసన్ నుంచి రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగే తెలుగువాళ్ల తల మీదే ఉంటుంది మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్. రేంజర్స్ ఆడేది అక్కడే. 1940 తర్వాత 54 ఏళ్లు ఈ జట్టుకు లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ దక్కలేదు. 1994 మార్చి 21న, డెడ్‌లైన్ రోజున, జనరల్ మేనేజర్ నీల్ స్మిత్ భవిష్యత్తును తాకట్టు పెట్టాడు. 23 ఏళ్ల టోనీ అమోంటేను షికాగోకిచ్చి స్టెఫాన్ మాటో, బ్రయన్ నూనన్‌లను తెచ్చాడు. మైక్ గార్ట్‌నర్‌ను టొరంటోకిచ్చి గ్లెన్ ఆండర్సన్‌ను, కుర్రాడు టాడ్ మర్చంట్‌ను ఎడ్మంటన్‌కిచ్చి క్రెయిగ్ మక్టావిష్‌ను తీసుకున్నాడు. న్యూజెర్సీతో ఏడో మ్యాచ్‌లో, రెండో ఓవర్‌టైమ్‌లో గోల్ కొట్టి జట్టును ఫైనల్‌కు చేర్చింది మాటోనే. జూన్ 14న కప్పు వచ్చింది. అమోంటే తన కెరీర్‌లో 400కు పైగా గోల్స్ కొట్టాడు, మర్చంట్ వెయ్యికి పైగా మ్యాచ్‌లు ఆడాడు. అయినా ఆ బేరాన్ని తప్పుబట్టే రేంజర్స్ అభిమాని దొరకడం కష్టం, నేనూ తప్పుబట్టను. 54 ఏళ్ల ఎదురుచూపుకు అది చెల్లించదగ్గ ధరే.

చిక్కు ఆ తర్వాత మొదలైంది. ఒకసారి ఫలించిన దారినే మళ్లీ మళ్లీ పట్టారు. పేరున్న పెద్ద ఆటగాళ్లను పెద్ద జీతాలిచ్చి తెస్తూ పోయారు, కుర్రాళ్లను నిలబెట్టలేదు. 1998లో మొదటి రౌండ్‌లో ఏడో పిక్‌తో తీసుకున్న మానీ మల్హోత్రా సంగతే చూడండి. భారతీయ మూలాలున్న ఈ కెనడా కుర్రాణ్ని 2002 మార్చిలో, డెడ్‌లైన్ ముందు డాలస్‌కు ఇచ్చేశారు. అతను ఎన్‌హెచ్ఎల్‌లో మొత్తం 991 మ్యాచ్‌లు ఆడాడు. రేంజర్స్ మాత్రం 1998 నుంచి 2004 దాకా వరుసగా ఏడు సీజన్లు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు.

2004లో చివరికి అన్నీ అమ్మేశారు. అలెక్సీ కోవలేవ్ మాంట్రియల్‌కు, పీటర్ నెద్వెద్ ఎడ్మంటన్‌కు వెళ్లారు. అన్నిటికన్నా బాధపెట్టింది బ్రయన్ లీచ్ వెళ్లడం. 1994 ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడిగా కాన్ స్మైత్ ట్రోఫీ అందుకున్న డిఫెన్స్‌మన్ అతను. మార్చి 3న, సరిగ్గా తన 36వ పుట్టినరోజున, టొరంటోకు ట్రేడ్ అయ్యాడు. బదులుగా వచ్చిన కుర్రాళ్లిద్దరూ రేంజర్స్‌లో నిలదొక్కుకోలేదు. మరి జట్టు 2006లో మళ్లీ ప్లేఆఫ్స్‌కు ఎలా వచ్చింది? ఆ అమ్మకాలకు కొద్ది వారాల ముందు వాషింగ్టన్ నుంచి తెచ్చుకున్న యారొమిర్ యాగర్ ఆ సీజన్‌లో 54 గోల్స్ కొట్టాడు. 2000 డ్రాఫ్ట్‌లో 205వ స్థానంలో తీసుకున్న గోలీ (గోల్‌కీపర్) హెన్రిక్ లుండ్‌క్విస్ట్ వచ్చి గోల్ ముందు గోడలా నిలబడ్డాడు. అమ్మితే జట్టు దానంతట అదే బాగుపడుతుందన్న నమ్మకానికి ఇది మొదటి హెచ్చరిక. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

లుండ్‌క్విస్ట్ ఉన్నన్నాళ్లూ కప్పు అందేంత దూరంలోనే కనిపించింది. అందుకే మళ్లీ కొన్నారు. 2012లో కొలంబస్ నుంచి రిక్ నాష్ కోసం 2013 మొదటి రౌండ్ పిక్ పోయింది. 2014 మార్చిలో కెప్టెన్ ర్యాన్ కాలహన్‌నే టాంపా బేకు ఇచ్చి, 38 ఏళ్ల మార్టిన్ సాన్ లూయీని తెచ్చారు. దాంతో 2014, 2015 మొదటి రౌండ్ పిక్‌లు వెళ్లిపోయాయి. 2015 మార్చిలో కీత్ యాండిల్ కోసం 2016 పిక్ పోయింది. వరుసగా నాలుగేళ్లు మొదటి రౌండ్‌లో రేంజర్స్ ఒక్కర్ని కూడా ఎంచుకోలేదు. 2014లో ఫైనల్ చేరి లాస్ ఏంజెలెస్ చేతిలో ఓడారు. 2015లో సెమీఫైనల్ ఏడో మ్యాచ్‌లో ఓడించింది టాంపానే, వాళ్ల పాత కెప్టెన్ కాలహన్ ఉన్న జట్టే. సాన్ లూయీ ఆ వేసవిలో రిటైరయ్యాడు. యాండిల్ మరుసటి ఏడాది వెళ్లిపోయాడు.

ఇక్కడ శాలరీ క్యాప్ గురించి ఒక మాట చెప్పాలి. జట్ల యజమానులకూ ఆటగాళ్లకూ మధ్య గొడవతో 2004-05 సీజన్ మొత్తం లాకౌట్‌లో రద్దయ్యాక ఈ పద్ధతి వచ్చింది. మొదటి ఏడాది ఒక్కో జట్టు జీతాల పరిమితి 3.9 కోట్ల డాలర్లు, 2017-18 నాటికి 7.5 కోట్లు. న్యూయార్క్ ఎంత ధనిక నగరమైనా గీత దాటలేదు. అలాంటి చోట తక్కువ జీతానికి ఆడే మంచి కుర్రాడే అసలు సంపద, వాళ్లు దొరికేది డ్రాఫ్ట్‌లో. నాలుగేళ్లు ఆ తలుపు మూసుకున్న జట్టుకు ఐదో ఏట పాతిక దాటని మంచి ఆటగాళ్లు ఎక్కణ్నుంచి వస్తారు? 2018 నాటి ఉత్తరం పునాదులు 2012, 2015 మధ్య పడ్డాయి. ఆ ఫిబ్రవరిలో ఆడుతున్నవాళ్ల తప్పు అందులో చాలా తక్కువ.

ఉత్తరం తర్వాత అమ్మకాలు వేగంగా జరిగాయి. ఫిబ్రవరి 22న మైకేల్ గ్రాబ్‌నర్‌ను పొరుగునే ఉన్న న్యూజెర్సీకి ఇచ్చి రెండో రౌండ్ పిక్, ఒక కుర్రాణ్ని తీసుకున్నారు. గ్రాబ్‌నర్ అప్పటికి 25 గోల్స్ కొట్టి మంచి ఊపులో ఉన్నాడు; న్యూజెర్సీలో మిగిలిన సీజన్‌లో కొట్టింది రెండే. 25న నాష్‌ను బోస్టన్‌కు పంపారు. అతనికి 33 ఏళ్లు, ఏడాదికి 78 లక్షల డాలర్ల కాంట్రాక్టు ఆ వేసవితో ముగుస్తోంది. మిగిలిన జీతంలో సగం తామే భరిస్తామని రేంజర్స్ ఒప్పుకుంది, అలా భరించడం వల్లే ధర పెరిగింది. మొదటి రౌండ్ పిక్‌తో పాటు ర్యాన్ లిండ్‌గ్రెన్ అనే ఇరవై ఏళ్ల డిఫెన్స్‌మన్, ఇంకొందరు వచ్చారు. ఆ రోజు లిండ్‌గ్రెన్ పేరు బేరంలో చివర చదివే పేరు.

నా దృష్టిలో ఈ రెండూ చక్కటి అమ్మకాలు. నాష్ ద్వారా వచ్చిన పిక్, గ్రాబ్‌నర్ ద్వారా వచ్చిన పిక్ రెండూ కలిపి ఆటవాకిచ్చి, డ్రాఫ్ట్‌లో 22వ స్థానానికి ఎగబాకి కే-ఆండ్రే మిల్లర్‌ను తీసుకున్నారు. అతనూ లిండ్‌గ్రెన్ ఏళ్ల తరబడి జట్టు రక్షణలో ముఖ్యులయ్యారు. నాష్ మాత్రం బోస్టన్‌లో తలకు దెబ్బ తగిలి, ఆ సీజన్ తర్వాత మళ్లీ ఆడకుండానే 2019 జనవరిలో రిటైరయ్యాడు.

గడువు రోజు 26న జరిగింది వేరు. కెప్టెన్ ర్యాన్ మెక్‌డొనాను టాంపాకిచ్చారు. అతని వయసు 28, కాంట్రాక్టు ఇంకో ఏడాది పైగా ఉంది. అయినా అతని కోసం జట్లు క్యూ కట్టిన మాట నిజం, అమ్మడంలో తర్కం ఉంది. కానీ అతనితో పాటు జె.టి. మిల్లర్‌ను కూడా కలిపి ఇచ్చేశారు. మిల్లర్‌కు ఇంకా 25 నిండలేదు. వేసవిలో కాంట్రాక్టు ముగిసినా అతని హక్కులు జట్టువే. తొందరపడాల్సిన పనే లేదు.

ఆ ఇద్దరికీ బదులుగా వచ్చిందేమిటో వరసగా చూస్తే బాధేస్తుంది. వ్లాదిస్లావ్ నమెస్ట్నికోవ్ ఏడాదిన్నరలో ఆటవాకు వెళ్లిపోయాడు. లిబోర్ హయెక్ నిలదొక్కుకోలేదు. బ్రెట్ హౌడెన్‌ను 2021లో వేగస్‌కు ఇచ్చేస్తే, అక్కడ 2023లో కప్పు గెలిచాడు. టాంపా 2018లో గానీ 2019లో గానీ కప్పు గెలిస్తే బేరంలో వచ్చిన రెండో రౌండ్ పిక్ కాస్తా మొదటి రౌండ్ పిక్ అయ్యేది. టాంపా గెలిచింది 2020లో, 2021లో. రెండుసార్లూ మెక్‌డొనా జట్టులో ఉన్నాడు. ఇక మొదటి రౌండ్ పిక్‌తో నిల్స్ లుండ్‌క్విస్ట్ అనే స్వీడన్ కుర్రాణ్ని 28వ స్థానంలో తీసుకున్నారు. అతను జట్టులో ఇమడక 2022లో డాలస్‌కు వెళ్లాడు. బదులుగా డాలస్ మొదటి రౌండ్ పిక్ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఆ పిక్‌నే సెయింట్ లూయిస్‌కిచ్చి వ్లాదిమిర్ తరసెంకోను తెచ్చారు. ఆ ఏడాది ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే న్యూజెర్సీ చేతిలో ఓడారు, వేసవిలో తరసెంకో వెళ్లిపోయాడు. ఒక కెప్టెన్, ఒక యువ ఫార్వర్డ్ కలిసి ఐదేళ్లలో రెండు మూడు నెలల అద్దె ఆటగాడిగా కరిగిపోయారు.

రేంజర్స్ మళ్లీ లేచిన మాట వాస్తవమే. 2022లో, 2024లో కాన్ఫరెన్స్ ఫైనల్, అంటే సెమీఫైనల్ చేరింది. 2023-24 రెగ్యులర్ సీజన్‌లో 114 పాయింట్లతో లీగ్‌లోనే మొదట నిలిచింది. అందుకు ఉత్తరం నాటి అమ్మకాలే కారణమంటే నేను ఒప్పుకోను. ఆర్టెమీ పనారిన్ 2019 జూలైలో ఫ్రీ ఏజెంట్‌గా న్యూయార్క్‌ను కోరి వచ్చాడు. ఆడమ్ ఫాక్స్ కరోలినా నుంచి వచ్చాడు, అతని కోసం మొదటి రౌండ్ పిక్ కూడా ఇవ్వనక్కర్లేకపోయింది. గోలీ ఇగోర్ షెస్టెర్కిన్ ఉత్తరానికి చాలా ముందే, 2014 డ్రాఫ్ట్ నాలుగో రౌండ్‌లో దొరికినవాడు. ఓటముల వల్ల, డ్రాఫ్ట్ వరుస తేల్చే లాటరీలో అదృష్టం వల్ల వచ్చిన 2019 రెండో పిక్ కాపో కాకో, 2020 మొదటి పిక్ అలెక్సీ లఫ్రెనియేర్ మీద పెట్టుకున్నంత ఆశ నెరవేరలేదు.

అమ్మాల్సినవాడిని అమ్మకుండా ఉంచుకున్న సందర్భం కూడా ఒకటుంది. 2020 ఫిబ్రవరిలో క్రిస్ క్రైడర్‌కు 28 ఏళ్లు, కాంట్రాక్టు ఆఖరి నెలల్లో ఉంది. లెక్క ప్రకారం అతను వెళ్లాల్సిందే, అందరూ వెళ్తాడనే అనుకున్నారు. గడువు రోజున, ఫిబ్రవరి 24న, ఏడేళ్లకు 4.55 కోట్ల డాలర్ల కొత్త కాంట్రాక్టు ఇచ్చారు. 2021-22లో అతను 52 గోల్స్ కొట్టాడు. ఆ కాంట్రాక్టు చివరి ఏళ్లు భారమవుతాయని అప్పుడే కొందరన్నారు, అదీ జరిగింది. 2025 జూన్‌లో క్యాప్‌లో చోటు కోసం అతన్ని అనాహైమ్‌కు ఇచ్చేశారు. అయినా మధ్యలో ఆ గోల్స్ ఉన్నాయి, రెండుసార్లు సెమీఫైనల్ ఉంది. కాంట్రాక్టు తేదీ ఒక్కటే చూసి ఆ రోజు అమ్మేసి ఉంటే ఒక పిక్, ఒక కుర్రాడు వచ్చేవాళ్లు.

జె.టి. మిల్లర్ సంగతికొస్తే, టాంపా అతన్ని 2019లో వాంకూవర్‌కు ఇచ్చింది. అక్కడ అతను లీగ్‌లోని పెద్ద ఫార్వర్డ్‌లలో ఒకడయ్యాడు, 2023-24లో గోల్స్, అసిస్ట్‌లు కలిపి 103 పాయింట్లు సాధించాడు. 2025 జనవరి 31న రేంజర్స్ అతన్ని తిరిగి తెచ్చుకుంది. అందుకు ఫిలిప్ హీటిల్‌ను, విక్టర్ మన్‌సీనిని, ఒక మొదటి రౌండ్ పిక్‌ను ఇచ్చింది. మిల్లర్‌కు అప్పటికి 31 ఏళ్లు. ఏడాదికి 80 లక్షల డాలర్ల చొప్పున 2030 దాకా కాంట్రాక్టు ఉంది. ఆ సీజన్‌లో రేంజర్స్ ప్లేఆఫ్స్‌కు చేరలేదు. ఆ సెప్టెంబర్‌లో అతన్నే కెప్టెన్‌ను చేశారు.