పాట మోగుతుండగా శ్రుతి మార్చడం: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో చిన్న రికార్డింగ్ గది నడుపుతున్నాను. నాట్యం నేర్పే టీచర్లు, ట్రాకు పెట్టుకుని పాడేవాళ్లు, పాత క్యాసెట్లు తెచ్చేవాళ్లు, అందరూ అడిగేది ఒకటే: "అన్నా, దీని శ్రుతి కొంచెం మార్చియ్యన్నా." ఇప్పుడు ఫోన్లలోని ప్లేయర్లే పాట మోగుతుండగా ఆ పని చేసేస్తున్నాయి. వాటికి లెక్క తెలుసు గానీ శ్రుతి తెలియదు. చిక్కంతా అక్కడే వస్తోంది.

అపోహ: 432 హెర్ట్జ్‌లో పెడితే పాట అసలు శ్రుతిలోకి వస్తుంది.

వాస్తవం: హెర్ట్జ్ అంటే శబ్దం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే లెక్క. 440 అనేది పాశ్చాత్య సంగీతంలో 'ఏ' (A) స్వరానికి పెట్టుకున్న కొలత. 1939లో లండన్‌లో జరిగిన సమావేశంలో దాన్ని ఒప్పుకున్నారు. అంతకుముందు ఊరికో కొలత ఉండేది. ప్లేయర్‌లో 432 నొక్కినప్పుడు అది పాటను వినదు. పాట 440లోనే ఉందనుకుని మొత్తాన్ని 1.8 శాతం కిందికి దించుతుంది. అంటే పక్కపక్క స్వరస్థానాల (హార్మోనియంలో తెల్లవీ నల్లవీ కలిపి పక్కపక్క మెట్ల) మధ్య ఉన్న దూరంలో దాదాపు మూడో వంతు.

మన కచేరీల్లో షడ్జమం, అంటే 'స', పాడేవారి గొంతును బట్టి ఉంటుంది. ఒకరిది ఒకటిన్నర శ్రుతి, ఇంకొకరిది ఐదున్నర (హార్మోనియం తెల్ల మెట్లకు ఒకటి నుంచి ఏడు అంకెలు, నల్ల మెట్లకు అరలు). వయొలిన్, మృదంగం వాయించేవాళ్లు దానికి తగ్గట్టు శ్రుతి చేసుకుంటారు. చెవితో శ్రుతి చేసిన తంబురా పెట్టుకుని పాడిన పాత రికార్డింగుల్లో షడ్జమం హార్మోనియం మెట్లలో దేనికీ కుదరకపోవచ్చు. అలాంటి పాటను 1.8 శాతం దించితే వచ్చేది 432 కాదు, ఇంకేదో. కొంచెం దించితే చెవికి మెత్తగా ఉందనిపిస్తే అలాగే వినండి, తప్పు లేదు. కానీ ఆ అంకెతో జబ్బులు తగ్గుతాయని చెప్పి అన్నమయ్య కీర్తనలను కూడా మార్చి పంచుతున్నారు. దానికి గట్టి ఆధారం ఏదీ లేదు. అది చూస్తే నాకు బాధేస్తుంది.

అపోహ: వేగం మారకుండా ఎంత శ్రుతైనా మార్చొచ్చు, ఏమీ చెడదు.

వాస్తవం: శ్రుతి మార్చడానికి రెండు దారులున్నాయి. మొదటిది టేపును నెమ్మదిగా తిప్పినట్టు. శ్రుతీ, వేగమూ కలిసే తగ్గుతాయి. 432కి దించితే 5 నిమిషాల పాట ఐదారు సెకన్లు పెరుగుతుంది, శబ్దం మాత్రం శుభ్రంగా ఉంటుంది. రెండోది వేగాన్ని అలాగే ఉంచేది. అది శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి మళ్లీ అతుకుతుంది. సాగే స్వరం దగ్గర ఆ అతుకు తెలియదు. మృదంగం దెబ్బ మాత్రం చటుక్కున పుట్టి పోతుంది, అక్కడ అతుకు దొరికిపోతుంది.

ఒక కూచిపూడి టీచరమ్మ ఐదున్నరలో ఉన్న ట్రాకును నాలుగున్నరకు దించమన్నారు. అంటే రెండు స్వరస్థానాలు. దించాక మృదంగం మీద మోగే చాపు దెబ్బ తడిగుడ్డ మీద కొట్టినట్టు వచ్చింది. జతి ఎక్కడ మొదలైందో పిల్లలకు అందలేదు. గాయని గొంతు బరువెక్కి వేరే మనిషిలా వినిపించింది, ఎందుకంటే నోరు, గొంతు ఆకారం వల్ల వచ్చే ప్రత్యేకత కూడా శ్రుతితో పాటే కిందికి జరిగిపోయింది. ఆ ప్రత్యేకతను కాపాడే మీటలు ఉన్నాయి. ఒంటరి గొంతుకైతే బాగా పనిచేస్తాయి, వాద్యాలన్నీ కలిసిపోయిన ట్రాకులో అంతగా పనిచేయవు. నా పద్ధతి ఒక్కటే: ఒక స్వరస్థానం వరకు మారుస్తాను, అంతకు మించితే వాద్యాలు మళ్లీ వాయించమంటాను.

అపోహ: 44.1, 48 అనే అంకెలు మారిస్తే శ్రుతి మారుతుంది.

వాస్తవం: అవి సెకనుకు శబ్దాన్ని ఎన్ని వేలసార్లు కొలిచారో చెప్పే అంకెలు. సరిగ్గా మారిస్తే శ్రుతి కదలదు. 44.1 ఫైలును 48 అనుకుని మోగిస్తే మాత్రం 8.8 శాతం పైకి పోతుంది. ఐదున్నరలో పాడాల్సిన అమ్మాయి ఆరు దాటి పాడాలి. స్టేజీ ఎక్కాక అది తెలిస్తే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. ముందురోజే ఆ హాల్లోని సిస్టంలోనే వేసి, శ్రుతి పెట్టెతో సరిచూసుకోండి.

అపోహ: పాత క్యాసెట్ ఎలా మోగితే అదే అసలు శ్రుతి.

వాస్తవం: క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. బెల్టు సాగినా, మోటారు అలసినా అలా నడవదు. నెమ్మదిగా తిరిగిన టేప్ రికార్డర్‌లో పాడింది మంచి మెషీన్‌లో పైశ్రుతిలో వినిపిస్తుంది.

చిత్తూరు నుంచి ఒకాయన వాళ్లమ్మ పాటల క్యాసెట్ తెచ్చారు. "మా అమ్మ గొంతు ఇంత సన్నంగా ఉండేది కాదు సార్" అన్నారు. అలాంటప్పుడు నేను ముందు రికార్డు చేసేటప్పుడు టేపులో పడ్డ కరెంటు రొద వెతుకుతాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దాని రొద రెట్టింపైన 100 దగ్గర కూడా పడుతుంది. ఈ క్యాసెట్‌లో అది 103 దగ్గర దొరికింది, అంటే 3 శాతం వేగం ఎక్కువ. (బ్యాటరీలతో రికార్డు చేసి ఉంటే ఈ ఆధారం ఉండేది కాదు.) కానీ ఆ రోజుల్లో కరెంటు 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు, ఆ లెక్కను పూర్తిగా నమ్మలేను. అమ్మ పాడేటప్పుడు ఏం వాయించేవారని అడిగితే, ఆమె హార్మోనియం ఇంట్లోనే ఉందన్నారు. వారం తర్వాత బస్సులో తెచ్చారు. ఆమె వాడిన ఐదు శ్రుతి మెట్టు నొక్కి కొలిస్తే, క్యాసెట్ 4 శాతం ఎక్కువలో ఉంది.

తప్పు వేగంలో జరిగింది కనుక వేగాన్నీ, శ్రుతినీ కలిపే తగ్గించాను. రెండో చరణానికి వచ్చేసరికి ఆయన "ఇదే సార్, ఇదే" అన్నారు. రెండు కాపీలు ఇచ్చాను. ఒకటి క్యాసెట్ నుంచి వచ్చినది వచ్చినట్టే. రెండోది సరిచేసినది, ఎంత తగ్గించానో ఫైలు పేరులోనే రాసి.