టంగ్‌స్టన్‌ను తీగగా సాగదీసిన భౌతికశాస్త్రవేత్త

లోహాలన్నిటిలోకీ ఎక్కువ వేడిని తట్టుకునేది టంగ్‌స్టన్. 3,422 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ అది కరగదు. విద్యుద్దీపానికి ఇంతకన్నా తగిన లోహం ఉండదని 1900 నాటికే చాలామందికి తెలుసు. ఎందుకంటే, దీపంలో వెలిగే సన్నని తీగ, అంటే తంతువు, ఎంత వేడెక్కితే విద్యుత్తులో అంత ఎక్కువ వాటా కంటికి కనిపించే కాంతిగా మారుతుంది. 1879లో ఎడిసన్ వాడిన కర్బన తంతువును అంతగా వేడిచేయడానికి వీల్లేదు. వేడి పెంచితే కర్బనం ఆవిరై గాజు లోపలివైపు మసిలా పేరుకునేది, తంతువు తెగిపోయేది.

టంగ్‌స్టన్‌తో వచ్చిన చిక్కల్లా అది గాజులా పెళుసుగా ఉండటమే. దాన్ని కరిగించి పోతపోద్దామంటే ఆ వేడికి నిలిచే మూస ఉండదు. సుత్తితో కొడితే పగులుతుంది. 1904లో వియన్నాలో యుస్ట్, హనమన్ అనే ఇద్దరు టంగ్‌స్టన్ పొడిని జిగురు పదార్థంతో కలిపి, సన్నని రంధ్రంలోంచి ఒత్తి, కాల్చి తంతువులు చేశారు. అవి బాగా వెలిగేవి. కానీ దీపాన్ని కాస్త కుదిపితే తంతువు విరిగేది. రైల్లో పంపే సరుకుకు అది పెద్ద లోపం.

ఈ చిక్కును విప్పినవారు విలియం డేవిడ్ కూలిడ్జ్. 1873లో అమెరికాలోని మాసాచుసెట్స్ రాష్ట్రంలో, హడ్సన్ అనే ఊళ్లో ఒక చిన్న రైతు కుటుంబంలో పుట్టారు. ఎమ్.ఐ.టి.లో విద్యుత్ ఇంజినీరింగ్ చదివి, జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1899లో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. తిరిగివచ్చి ఎమ్.ఐ.టి.లో పరిశోధన చేస్తుండగా, 1905లో షెనెక్టడీ నగరంలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధనశాలకు అధిపతి అయిన విల్లిస్ విట్నీ ఆయన్ను పిలిచారు. జీతం రెట్టింపు. పైగా సగం కాలం సొంత పరిశోధనకు వాడుకోవచ్చన్నారు. ఐరోపా చదువు కోసం చేసిన అప్పు ఇంకా తీరని కూలిడ్జ్‌కు ఇది మంచి అవకాశమే. అయినా ఆయన వెంటనే ఒప్పుకోలేదు. కంపెనీలో చేరితే శాస్త్రం వదిలేసినట్టేనన్న అనుమానం ఆ రోజుల్లో విశ్వవిద్యాలయాల వారికి సహజంగానే ఉండేది. విట్నీ పరిశోధనశాల పుట్టి అప్పటికి అయిదేళ్లే. సరుకు తయారుచేసే కంపెనీ తన ఆవరణలో మౌలిక పరిశోధన చేయిస్తుందన్న మాటే అమెరికాకు కొత్త.

చేరాక మాత్రం ఆ సగం కాలం సంగతి పక్కకు పోయింది. టంగ్‌స్టన్ ఆయన్ను పూర్తిగా పట్టేసింది.

మొదట ఆయన జిగురు పదార్థానికి బదులు కాడ్మియం, పాదరసం వంటి లోహాల మిశ్రమంలో టంగ్‌స్టన్ పొడిని కలిపి సన్నగా ఒత్తారు. తరువాత వేడిచేస్తే ఆ తోడు లోహాలు ఆవిరై టంగ్‌స్టన్ ఒక్కటే మిగిలేది. దీపాలు చేయడానికి ఈ పద్ధతి పనికొచ్చింది కానీ తంతువు పెళుసుతనం తగ్గలేదు. అయితే ఈ పనిలో ఆయన ఒక విషయం గమనించారు. వేడిగా ఉన్నప్పుడు టంగ్‌స్టన్ కొద్దిగా వంగుతోంది. అలా వేడి మీద సాగదీసిన ముక్క, తరువాత కాస్త తక్కువ వేడిలో కూడా వంగుతోంది.

ఆ పరిశీలన ఎంత విచిత్రమైనదో తెలియాలంటే మామూలు లోహాల స్వభావం గుర్తుచేసుకోవాలి. రాగిని, ఇనుమును చల్లగా ఉండగా కొట్టేకొద్దీ గట్టిపడి పెళుసెక్కుతాయి. నిప్పులో కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడతాయి. కమ్మచ్చులోంచి బంగారు తీగ లాగేవారు మధ్యమధ్య తీగను కాల్చి మెత్తబరచుకునేది అందుకే. టంగ్‌స్టన్ దీనికి సరిగ్గా ఎదురు తిరుగుతుంది. సాగదీసేకొద్దీ వంగే గుణం వస్తుంది, బాగా కాల్చితే ఆ గుణం పోతుంది. కారణం దాని లోపలి అమరికలో ఉంది. కాల్చిన టంగ్‌స్టన్‌లో స్ఫటికాలు గుండ్రని రేణువుల్లా పక్కపక్కన ఉంటాయి. రేణువుకూ రేణువుకూ మధ్య సరిహద్దు బలహీనం కావడంతో పగులు అక్కడే పుడుతుంది. ఆ స్ఫటికాలు మళ్లీ కొత్తగా ఏర్పడే ఉష్ణోగ్రతకు దిగువన, కానీ ఇంకా ఎర్రగా ఉండగానే సాగదీస్తే, రేణువులు పొడవాటి నారల్లా మారతాయి. తీగను అడ్డంగా చీల్చుకుపోయే పగులుకు సులువైన దారి మిగలదు.

ఈ వివరణ అంతా కూలిడ్జ్ దగ్గర మొదట లేదు. ఆయన దగ్గర ఉన్నది ఒక ప్రయోగకారుడి పట్టుదల, ఉష్ణోగ్రతను ఒక్కో మెట్టూ తగ్గిస్తూ వెళ్లాలన్న ఊహ. లోహాన్ని నలువైపుల నుంచీ వేగంగా కొట్టి సన్నబరిచే యంత్రాలు సూదుల కర్మాగారాల్లో ఉంటాయని తెలిసి, అవి చూడటానికి న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలోని కర్మాగారాలు తిరిగారు. భౌతికశాస్త్ర డాక్టరేట్ ఉన్న మనిషి సూదులు చేసేవారి దగ్గర నిలబడి పని నేర్చుకోవడం నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన ఘట్టం.

చివరికి కుదిరిన పద్ధతి ఇది. టంగ్‌స్టన్ ఆక్సైడ్ నుంచి హైడ్రోజన్‌తో ప్రాణవాయువును తొలగించి లోహపు పొడి తీస్తారు. పొడిని అచ్చులో పెట్టి బలంగా ఒత్తి కడ్డీ చేస్తారు. హైడ్రోజన్ మధ్య ఆ కడ్డీ గుండా విద్యుత్తు పంపి, కరిగే స్థాయికి కొంచెం తక్కువగా వేడిచేస్తే రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అంటే, కరిగించకుండానే లోహాన్ని గట్టి కడ్డీగా చేసుకోవచ్చు. తరువాత ఎర్రని వేడిలో కొట్టీ కొట్టీ సన్నబరచి, ఆపైన వజ్రంలో తొలిచిన రంధ్రాల గుండా లాగుతారు. తీగ సన్నబడేకొద్దీ వేడి తగ్గిస్తూ పోతారు. ఆఖరికి వెంట్రుక కన్నా సన్నని తీగ, చల్లగా ఉన్నా వేలికి చుట్టుకునే తీగ వస్తుంది. పొడిలో ఏది ఎంత కలిసిందో, మూస ఏ మట్టితో చేసిందో కూడా ఫలితాన్ని మార్చేసేది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక రకం మట్టి మూసల్లో వేడిచేసిన ఆక్సైడ్‌తో తంతువులు మెరుగ్గా వచ్చాయి. మూసలోని పొటాషియం వంటి మూలకాలు లోహంలోకి చేరడమే కారణమని చాలాకాలం తరువాత గానీ స్పష్టం కాలేదు.

1910 నాటికి కూలిడ్జ్ తన తీగను ప్రకటించారు. కొద్దికాలంలోనే ఆ తీగ దీపాలు బజారుకు వచ్చాయి. అదే పరిశోధనశాలలో ఉన్న ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1913లో దాన్ని చుట్టలా చుట్టి, బల్బులో నైట్రోజన్ వంటి వాయువు నింపి ఇంకా మెరుగుపరచారు. చుట్టలా చుట్టగలిగే తీగ లేకపోతే లాంగ్‌మ్యూర్ ఆలోచన కాగితం మీదే ఉండిపోయేది. మన ఊళ్లలో మొన్నమొన్నటి దాకా వెలిగిన అరవై క్యాండిళ్ల బల్బు ఈ ఇద్దరి పనికి వారసురాలే.

ఇంతవరకు చేసి ఆగినా కూలిడ్జ్‌కు చరిత్రలో చోటుండేది. ఆయన ఆగలేదు. చేతిలో ఒక లోహం ఉంది, దాని లక్షణాలు ఎవరికన్నా ఎక్కువగా తెలుసు. ఇది ఇంకెక్కడ పనికొస్తుంది? ఎక్స్-రే గొట్టం వైపు చూశారు.

1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలు కనుక్కున్న తరువాత ఆసుపత్రుల్లో వాడిన గొట్టాల్లో కొద్దిగా గాలి మిగిల్చేవారు. ఆ వాయువు అయాన్లు చల్లని రుణధ్రువాన్ని తాకి ఎలక్ట్రాన్లను రాబట్టేవి. ఆ ఎలక్ట్రాన్లు ఎదుటి లోహపు ఫలకాన్ని ఢీకొంటే ఎక్స్-కిరణాలు పుట్టేవి. వాడేకొద్దీ మిగిలిన గాలి గోడల్లోకి ఇంకిపోయేది, గొట్టం గుణం మారిపోయేది. ఈరోజు ఎముకను చక్కగా చూపిన గొట్టం రేపు ఏం చూపుతుందో తెలియదు. ఇవాళ గొట్టం ఎలా ఉందో తేల్చుకోవడానికి కొందరు వైద్యులు తమ చేతినే కిరణాలకు అడ్డం పెట్టి చూసుకునేవారు. అలా చేతులు కోల్పోయినవారు, ప్రాణాలు కోల్పోయినవారు ఉన్నారు. ఆ తరం వైద్యుల గురించి చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

కూలిడ్జ్ ముందుగా ఢీకొనే ఫలకాన్ని టంగ్‌స్టన్‌తో చేశారు. ఎలక్ట్రాన్ల శక్తిలో ఒక శాతం కూడా ఎక్స్-కిరణాలుగా మారదు, మిగిలినదంతా వేడే. కాబట్టి కరగని లోహం కావాలి. పరమాణు సంఖ్య ఎక్కువగా ఉంటే కిరణాలు ఎక్కువ పుడతాయి. టంగ్‌స్టన్ పరమాణు సంఖ్య 74. రెండు షరతులూ ఒకేచోట కుదిరాయి. అసలు మలుపు తరువాతిది. వేడెక్కిన టంగ్‌స్టన్ తంతువు నుంచి పూర్తి శూన్యంలో కూడా ఎలక్ట్రాన్లు వస్తాయని, అందుకు మిగిలిన వాయువు అవసరం లేదని లాంగ్‌మ్యూర్ చూపించారు. చాలామంది అప్పట్లో దీన్ని నమ్మలేదు. కూలిడ్జ్ నమ్మి, చల్లని రుణధ్రువం తీసేసి వేడి తంతువు పెట్టారు. గాజులోనూ లోహంలోనూ దాగిన వాయువును వేడిచేసి బయటకు రప్పించి, అప్పటికి సాధ్యమైనంత శూన్యం సాధించారు. ఆ ఫలితం 1913 డిసెంబరులో ఫిజికల్ రివ్యూ పత్రికలో వచ్చింది.

ఆ గొట్టంలో రెండు విషయాలు తొలిసారి విడివడ్డాయి. తంతువు వేడిని బట్టి ఎన్ని ఎలక్ట్రాన్లు వస్తాయో, అంటే కిరణాల పరిమాణం ఎంతో తేలుతుంది. వోల్టేజీని బట్టి కిరణాలు ఎంత లోతుకు చొచ్చుకుపోతాయో తేలుతుంది. ఒకదాన్ని మార్చినా రెండోది చెదరదు. ఈనాటికీ ఎక్స్-రే గదిలో టెక్నీషియన్ కిలోవోల్టులను ఒకచోట, మిల్లీఆంపియర్లను మరోచోట అమర్చుకోగలుగుతున్నారంటే ఈ విభజన వల్లే. నిన్నటి ఫొటోనూ ఇవాళ్టి ఫొటోనూ పోల్చి చూసే వీలు వైద్యులకు దీనితోనే వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యం వెంట తీసుకువెళ్లగల ఎక్స్-రే పరికరం కోసం ఆయన మరో రకం గొట్టం రూపొందించారు.

తరువాతి ఘట్టాలు త్వరగా చెప్పుకోవచ్చు. విట్నీ తరువాత 1932లో కూలిడ్జ్ పరిశోధనశాల అధిపతి అయ్యారు. అది ఆర్థిక మాంద్యం కాలం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో యురేనియం పరిశోధనపై అమెరికా ప్రభుత్వ సలహా సంఘంలో సభ్యుడిగా ఉన్నారు. 1944 చివరలో పదవి నుంచి తప్పుకున్నారు. 1975లో 101 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆయన పేరిట 83 పేటెంట్లు ఉన్నాయి.

వాటిలో అన్నిటికన్నా ఎక్కువ శ్రమ దాగినది టంగ్‌స్టన్ తీగ పేటెంటు. అదే నిలవలేదు. వంగే గుణం శుద్ధమైన టంగ్‌స్టన్‌కు ప్రకృతి ఇచ్చినదనీ, కూలిడ్జ్ దాన్ని కనుక్కున్నారే తప్ప సృష్టించలేదనీ కింది కోర్టు తేల్చింది. 1928లో పై కోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. ఆ వ్యవహారం నడుస్తుండగా విద్యుత్ రంగంలో కృషికి ఇచ్చే ఎడిసన్ పతకాన్ని, 1926 సంవత్సరానికి, తనకు ఇస్తామంటే కూలిడ్జ్ వద్దన్నారు. ఏ పని గుర్తింపుగా పతకం ఇస్తున్నారో అది తన ఆవిష్కరణ కాదని కోర్టు చెప్పినప్పుడు ఎలా తీసుకోవాలన్నది ఆయన సంకోచం. 1927 పతకం మళ్లీ ఆయనకే ప్రకటించారు, అప్పుడు స్వీకరించారు. అందులో తీగతో పాటు ఎక్స్-రే గొట్టం కూడా ప్రస్తావించారు.

న్యాయమూర్తుల మాటలో కొంత నిజం ఉంది. ఒకే స్ఫటికంగా పెంచిన అతిశుద్ధ టంగ్‌స్టన్ గది ఉష్ణోగ్రతలోనే వంగుతుంది. కానీ పొడిని అతికించి చేసిన కడ్డీకి, లెక్కలేనన్ని రేణువుల సరిహద్దులున్న కడ్డీకి ఆ గుణం తనంతట తాను రాదు. ఏ వేడిలో ఎంత కొట్టాలి, ఎప్పుడు వేడి తగ్గించాలి అన్న క్రమం ప్రకృతిలో దొరకదు. దాన్ని కూలిడ్జ్, ఆయన తోటివారు షెనెక్టడీలో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి కూర్చారు. దీపాల్లో టంగ్‌స్టన్ స్థానాన్ని ఎల్‌.ఇ.డి.లు తీసుకున్నాయి. సి.టి. స్కానర్లలో తిరిగే ఫలకం మీద ఎలక్ట్రాన్లు తాకే పొర మాత్రం ఇప్పటికీ టంగ్‌స్టన్‌దే, కాస్త రీనియం అనే లోహం కలిపి చేస్తారు. దాని ఎదుట ఎలక్ట్రాన్లను విడిచే తంతువు కోసం టంగ్‌స్టన్ పొడిని ఒత్తి, అతికించి, వేడిలో కొట్టి, రంధ్రాల గుండా లాగే పద్ధతే ఈనాటికీ నడుస్తోంది.