వెండి చెంచాకు తెలియని విషం

పుట్టగొడుగుల కూరలో వెండి చెంచా వేస్తే విషమో కాదో తేలిపోతుందట, నిజమేనా అని ఒక పాఠకుడు అడిగారు. నిజం కాదు. వెండిని నల్లబరిచేవి గంధకపు సమ్మేళనాలు. ఉడికిన కోడిగుడ్డు తగిలినా అది నల్లబడుతుంది. పుట్టగొడుగుల మరణాల్లో ఎక్కువ వాటికి కారణమైన ఆల్ఫా అమానిటిన్ అనే విషంలోనూ ఒక గంధక పరమాణువు ఉంది. కానీ అది అణువు నడుమ ఉన్న బంధంలో ఇరుక్కుపోయి ఉంటుంది కాబట్టి వెండి జోలికి పోదు. పుట్టగొడుగు టోపీ మీది పొర ఊడివస్తే మంచిదన్న నమ్మకమూ అలాంటిదే. ఈ విషమే ఉన్న అతి భయంకరమైన పుట్టగొడుగు డెత్ క్యాప్ (శాస్త్రీయ నామం అమనిటా ఫాలాయిడిస్) టోపీ పొర కూడా ఊడివస్తుంది. పురుగు కొరికినది మనిషికీ మంచిదే అంటారు. నత్తలు డెత్ క్యాప్‌ను నిక్షేపంగా తింటాయి, కొన్ని జాతుల పండ్ల ఈగల పిల్లలు అందులోనే పెరుగుతాయి. ఉడికించినా, ఎండబెట్టినా, గడ్డకట్టించినా ఈ విషం చెక్కుచెదరదు. తిని బతికి బయటపడినవాళ్లు కూర రుచిగానే ఉందని చెప్పారు!

ఇంతకీ ఆ విషం చేసే పని ఏమిటి? నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఇదే. డీఎన్‌ఏను రికార్డుల గదిలో భద్రపరిచిన అసలు దస్తావేజు అనుకోండి. దాన్ని గది దాటనివ్వరు. లోపల కూర్చున్న గుమాస్తా కావలసిన పేజీకి నకలు రాసి బయటికి పంపుతాడు. ఆ నకలు చూసుకుని బయటి పనివాళ్లు ప్రోటీన్ తయారుచేస్తారు. ఈ గుమాస్తా పేరు ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2. ఒక అక్షరం రాశాక తర్వాతి అక్షరానికి జరగాలంటే ఈ ఎంజైమ్ లోపల రెండు భాగాలు వంగి, మళ్లీ సర్దుకోవాలి. ఒకటి బ్రిడ్జ్ హెలిక్స్, రెండోది ట్రిగ్గర్ లూప్. ఎనిమిది అమైనో ఆమ్లాలు వలయంగా చుట్టుకున్న అమానిటిన్ అణువు సరిగ్గా వాటి పక్కన దూరి కూర్చుంటుంది. ఆ దృశ్యాన్ని స్ఫటిక చిత్రంగా 2002లో ప్రకటించింది అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త రోజర్ కార్న్‌బర్గ్ బృందం. ఈ నకలు రాసే యంత్రాంగం మీద చేసిన కృషికే ఆయనకు 2006లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

అమానిటిన్ గుమాస్తాను చంపదు, కలం లాక్కోదు. మోచేయి పట్టుకుంటుంది, అంతే. నిమిషానికి కొన్ని వేల అక్షరాలు రాసేవాడు కాస్తా నాలుగైదు అక్షరాలు రాయడానికే ఆపసోపాలు పడతాడు. అయితే అప్పటికే బయటికి వెళ్లిన నకళ్లు ఉన్నాయి కదా! వాటితో పని కొంతసేపు సజావుగానే సాగుతుంది. అవి చిరిగిపోయాక కొత్తవి రావు. ఉన్న ప్రోటీన్లు అరిగిపోతాయి, వాటి స్థానంలోకి వచ్చేవి ఉండవు. తిన్న వెంటనే ఏమీ కాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. సాధారణంగా 6 నుంచి 12 గంటలు, ఒక్కోసారి 24 గంటలదాకా మనిషి మామూలుగానే తిరుగుతాడు.

ముందు దెబ్బ తినేది నిరంతరం కొత్త కణాలు పుట్టాల్సిన పేగుల లోపొర. తీవ్రమైన వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. తర్వాత ఒక రోజు అటూ ఇటూగా అవి తగ్గుతాయి. గండం గడిచిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. సరిగ్గా ఆ సమయంలోనే కాలేయం కూలుతూ ఉంటుంది. రాత్రింబగళ్లు ప్రోటీన్లు తయారుచేసే అవయవం అది, నకళ్లు ఆగిపోతే దానికి మించి నష్టపోయేది మరొకటి లేదు. రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లలో కొన్నింటి ఆయుష్షు గంటల్లోనే ఉంటుంది. అందుకే వైద్యులు రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని పదేపదే కొలుస్తారు. పైగా కాలేయం విషాన్ని పైత్యరసంలోకి వదిలితే, పేగు దాన్ని మళ్లీ పీల్చుకుని కాలేయానికే పంపుతుంది. ఒకసారి మోచేయి పట్టుకున్నవాడే తిరిగి తిరిగి వచ్చి పట్టుకుంటాడన్నమాట. శుద్ధిచేసిన బొగ్గుపొడిని ఆస్పత్రిలో విడతలుగా ఇవ్వడం ఈ చక్రాన్ని తెంచడానికే. సిలిబినిన్ అనే మందు, కాలేయ కణంలోకి విషం వెళ్లే ద్వారానికి అడ్డుపడుతుంది. కాలేయం పూర్తిగా చెడిపోతే మార్పిడి తప్ప మరో దారి ఉండదు. పెద్దవాళ్లకు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము అమానిటిన్ ప్రాణాంతకమని లెక్క. ఒక్క పుట్టగొడుగులోనే అంత ఉండవచ్చు.

గుర్తుపట్టడం ఎలా? డెత్ క్యాప్ టోపీ ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో ఉంటుంది. టోపీ కింద తెల్లని రేకలు, కాడకు ఉంగరం, కాడ అడుగున గిన్నెలాంటి సంచి ఉంటాయి. చదవడానికి బాగుంది. కానీ రంగు వెలిసి తెల్లబడుతుంది, ఉంగరం ఊడిపోతుంది, కాడను పైకి విరిస్తే ఆ సంచి కాస్తా మట్టిలోనే మిగిలిపోతుంది. పైగా తినదగిన వరిగడ్డి పుట్టగొడుగుకూ అలాంటి సంచే ఉంటుంది. తేడా తెలిసేది సిద్ధబీజాల (పుట్టగొడుగు రాల్చే విత్తనాల్లాంటి పొడి) రంగులో. టోపీని కాగితం మీద బోర్లించి రాత్రంతా ఉంచితే డెత్ క్యాప్ తెల్లని పొడి రాలుస్తుంది, వరిగడ్డిది గులాబీ రంగు పొడి రాలుస్తుంది. ఇది నిపుణుడికి ఒక ఆధారం మాత్రమే, వంటకు అనుమతి కాదు. విషం లేని తెల్ల పొడివీ ఎన్నో ఉన్నాయి, గులాబీ పొడి రాల్చే విషపు జాతులూ ఉన్నాయి. 2012 జనవరిలో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో డెత్ క్యాప్ తిని ఇద్దరు మరణించారు. నిపుణుడు చేతిలోకి తీసుకుని చూడని అడవి పుట్టగొడుగును తినకపోవడమే నయమని నా అభిప్రాయం. ఫొటో చూసి పేరు చెప్పే ఫోను యాప్‌ల మాట నమ్మి పొయ్యి వెలిగించడం మరీ దుస్సాహసం.

తిన్న గంట, రెండు గంటల్లో వాంతులైతే చాలాసార్లు అది పేగులను మాత్రమే బాధించే రకం. ఆకుపచ్చ సిద్ధబీజాలు రాల్చే క్లోరోఫిల్లమ్ అనే పుట్టగొడుగు అలాంటిదే. ఆరు గంటలు దాటాక మొదలైతే అమానిటిన్‌ను అనుమానించాలి. రెండు రకాలు కలిపి వండి ఉండవచ్చు కాబట్టి, ముందే వాంతులయ్యాయని నిశ్చింతగా ఉండకూడదు. కార్టినేరియస్ అనే పుట్టగొడుగు జాతుల్లో కొన్ని మూత్రపిండాలను చెడగొడతాయి, ఆ లక్షణాలు రెండు మూడు వారాలకు గానీ బయటపడకపోవచ్చు.

అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి వెళ్లండి. సొంతంగా వాంతి చేయించవద్దు. మిగిలిన పుట్టగొడుగులను, చెత్తబుట్టలోని ముక్కలను కూడా, కాగితపు సంచిలో వేసి తీసుకువెళ్లండి. ప్లాస్టిక్‌లో చెమర్చి కుళ్లిపోతాయి. ఎన్ని గంటలకు తిన్నారో రాసి ఉంచండి. బాగానే ఉన్నామంటున్నవాళ్లతో సహా ఆ కూర తిన్న అందరినీ వెంట తీసుకువెళ్లండి.