ప్లేటు మీది పేరు, ప్లేటులోని గొంతు: అపోహలు – వాస్తవాలు

పాత గ్రామఫోను ప్లేట్లను, స్పూలు టేపులను డిజిటల్ రూపంలోకి మార్చడం నా వృత్తి. విశాఖపట్నం నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ నా దగ్గరకు వచ్చే ప్లేట్లలో పాట ఒకరిది, పేరు మరొకరిది అయినవి తరచూ కనబడుతుంటాయి. ఆ తప్పు పేరును నమ్మి జనం పోగొట్టుకుంటున్న డబ్బూ మనశ్శాంతీ చూడలేకనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అపోహ: లేబుల్ మీద అచ్చయిన పేరుకు తిరుగులేదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. లేబుల్ అనేది ప్లేటును అచ్చొత్తే వేళ ప్రెస్సులో పెట్టిన కాగితం మాత్రమే. దాని మీద పేరు తప్పుగా అచ్చుపడవచ్చు, ఒక వైపు లేబుల్ రెండో వైపుకు పోవచ్చు, లేబుల్ సరిగ్గానే ఉన్నా వేరే పాట స్టాంపరు (ప్లేటు మీద పాట గీతలను ఒత్తే లోహపు అచ్చు) బిగించి ఉండవచ్చు. కొన్నిసార్లు కంపెనీయే అసలు పేరు వేయదు. 1949 నాటి హిందీ చిత్రం 'మహల్'లోని 'ఆయేగా ఆనేవాలా' పాట తొలి ప్లేట్ల మీద గాయని పేరు 'కామిని' అని ఉంది. అది తెర మీది పాత్ర పేరు, పాడినది లతా మంగేష్కర్.

నమ్మవలసినది మ్యాట్రిక్స్ నంబరును, అంటే ప్లేటు ఒక్కో వైపు రికార్డింగుకు కంపెనీ ఇచ్చిన నంబరును. లేబుల్ చుట్టూ పాట గీతలు లేకుండా నున్నగా ఉండే నల్లటి భాగంలో ఆ నంబరు ఉంటుంది. స్టాంపరు నుంచి పాటతో పాటే ప్లేటులోకి దిగుతుంది కనుక అది ఆ ధ్వనిని విడిచిపోదు. టార్చిని పక్కగా వాల్చి పట్టుకుంటే అరిగిన అంకెలు కూడా నీడతో పైకి తేలతాయి.

ఆమధ్య పోర్టులో ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన తన తల్లి పెళ్ళికి ముందు మద్రాసు వెళ్ళి పాడిన ప్లేటును తువ్వాలులో చుట్టి తెచ్చారు. రెండు వైపులా ఆమె పేరే ఉన్నా, రెండో వైపు వేస్తే మగ గొంతు వినిపిస్తోంది. "మీ అమ్మగారు పాడారన్నదే కట్టుకథ" అని ఎవరో తెలిసినవాళ్ళలా తేల్చేశారట. "బాబూ, మా అమ్మ అబద్ధం చెప్పిందంటావా?" అని ఆయన అడిగినప్పుడు, ఆ మాట అన్నవారి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. చూస్తే రెండు వైపుల మ్యాట్రిక్స్ నంబర్ల మధ్య వందల తేడా ఉంది. ఒకే పూట పాడిన రెండు పాటలకు సాధారణంగా పక్కపక్క నంబర్లు పడతాయి. అదే కేటలాగు నంబరుతో (ప్లేటును అమ్మడానికి కంపెనీ లేబుల్ మీద వేసే నంబరు) రాజమహేంద్రవరంలో ఒక సేకర్త దగ్గర ఉన్న ప్లేటును వెతికి పట్టుకున్నాం. దాని రెండో వైపు నంబరు మొదటి వైపు నంబరుకు సరిగ్గా తరువాతిది, గొంతు ఆ తల్లిదే. ఆమె నిజమే చెప్పింది, తప్పంతా కర్మాగారంలో జరిగింది.

అపోహ: గొంతు వింటే చాలు, ఎవరో చెప్పేయవచ్చు.

వాస్తవం: ముందు వేగం సరిచూడాలి. టేపు ఆరు శాతం వేగంగా తిరిగితే శ్రుతి దాదాపు అర స్వరం పెరిగి, గొంతు సన్నబడి, మనిషే మారిపోయినట్టు వినిపిస్తుంది. రికార్డింగులో కరెంటు గుంయ్‌మనే శబ్దం పడి ఉంటే, మన దేశంలో అది 50 హెర్ట్జ్ ఉండాలి. 53 దగ్గర కనిపిస్తే టేపు వేగంగా తిరుగుతున్నట్టే. వాయించే యంత్రం సొంత గుంయ్ ఎప్పుడూ 50 దగ్గరే ఉంటుంది కనుక ఆ రెంటినీ కలిపేయకూడదు. ఇవేమీ చూడకుండా ఏ.ఎం. రాజా పాటను పి.బి. శ్రీనివాస్ పాటని పందేలు కాసేవారితో వాదించే ఓపిక నాకు లేదు.

అపోహ: క్యాసెట్టు అట్ట మీద సినిమా బొమ్మ ఉంటే లోపలివి ఆ సినిమా పాటలే.

వాస్తవం: 1957 కాపీరైట్ చట్టంలోని 52(1)(జె) కింద ఒకప్పుడు, అసలు రికార్డింగు వచ్చిన రెండేళ్ళ తరువాత రాయల్టీ చెల్లించి అదే పాటను వేరేవారితో పాడించి అమ్ముకోవడానికి వీలుండేది. 2012 సవరణ ఆ గడువును ఐదేళ్ళు చేసింది. కొనేవారిని తికమకపెట్టే లేబుల్ వేయరాదని ఆ చట్టమే చెప్పింది, పాటించినవారు ఎందరో మీ ఇంట్లోని పాత క్యాసెట్లు తీసి చూడండి. ధ్వని మరీ శుభ్రంగా ఉంటే అది తరువాత వేరేవారితో పాడించినది కావచ్చు, సంతోషించే ముందు అనుమానించండి.

అపోహ: ఫోనులోని యాప్ పాట విని గాయకుల పేరు చెబితే అదే ఖాయం.

వాస్తవం: ఎవరో తప్పు పేరుతో ఎక్కించి ఉంటే యాప్ అదే తప్పును తిరిగి చెబుతుంది. వాట్సాప్‌లో తిరిగే 'ఘంటసాల విడుదల కాని పాట' గురించి ఇంతకంటే చెప్పను. అలాంటి ప్లేటు అమ్ముతామంటూ మ్యాట్రిక్స్ నంబరు ఫోటో పంపనివారికి మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

అపోహ: చదవలేని నంబరును స్పిరిటుతో తుడిస్తే తేటపడుతుంది.

వాస్తవం: నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేటులో ఉన్నది లక్క, స్పిరిటు లక్కను కరిగిస్తుంది. మన సముద్రపు తేమకు బూజు పట్టిన ప్లేట్లను శానిటైజరుతో రుద్ది తెచ్చినవారిని చూశాను, ఆ పాట గీతలు ఇక తిరిగి రావు. మెత్తని పొడి బ్రష్షుతో దులిపి, కొత్త కాగితపు కవరులో నిలువుగా పెట్టి తీసుకురండి, మిగిలినది నేను చూసుకుంటాను.