పాండా కడుపు, చిల్లు కానీ

చిన్నీ, బాబీ,

మొన్న బీజింగ్ జూ నుంచి చేసిన వీడియో కాల్‌లో పాండాను చూసి చిన్ని అడిగింది కదా, "తాతయ్యా, అది ఎప్పుడూ తింటూనే ఉంటుందేం, దాని కడుపు నిండదా?" అని. మెట్రో వెళ్లిపోతుందని మీ అత్త తొందరపెట్టడంతో జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

బీజింగ్ జూ పాతది. జనాన్ని లోపలికి రానిచ్చింది 1908లో. మనుషుల పెంపకంలో మొట్టమొదటి పాండా పిల్ల పుట్టింది ఇక్కడే, 1963లో. నేను చూసినది మాత్రం బాగా ముదిరిన పాండా. గోడకు చేరగిలబడి, కాళ్లు బారచాపుకుని, సంక్రాంతికి చెరుకు గడ నమిలే మీ పెదతాతలాగే వెదురు నములుతోంది. దానికి అయిదు వేళ్లు కాక మణికట్టు ఎముక ఒకటి పెరిగి ఆరో వేలులా పనిచేస్తుంది. గడ జారకుండా దాంతోనే అదిమి పడుతుంది.

ఇక కడుపు సంగతి. మా అమ్మమ్మగారింట్లో దాలి ఉండేది. గోతిలో పిడకలు రాజేసి, పైన పాలకుండ పెడితే, సన్నని సెగ మీద పాలు సాయంత్రం దాకా కాగి ఎర్రబడేవి. ఆవు కడుపు ఆ దాలి. గడ్డిని రెండు మూడు రోజులు నిదానంగా, నెమరేసి మరీ, కాస్తుంది. పులి కడుపు గ్యాస్ పొయ్యి. మాంసం తొందరగా ఉడికే సరుకు, దానికి అదే చాలు. పాండా ఎలుగుబంటి జాతిది, దానికీ ఉన్నది గ్యాస్ పొయ్యే. కానీ దాని మీద పెట్టేది వెదురు! సగం ఉడక్కుండానే దించేయాల్సి వస్తుంది. వందపాళ్లు తింటే ఒంటికి పట్టేది సుమారు 17 పాళ్లు. అందుకే రోజుకు పది, పన్నెండు గంటలు కుండ మీద కుండ ఎక్కిస్తూనే ఉండాలి.

దాలి అనగానే గుర్తొచ్చింది. ఒక మధ్యాహ్నం మూత తీసి మీగడలో వేలు ముంచాను. వేలు కాలింది. అరిస్తే దొరికిపోతానని నోట్లో పెట్టుకుని పరిగెత్తాను. సాయంత్రం అమ్మమ్మ కుండలోకి చూసి, "పిల్లి తాగితే నాలిక గుర్తుంటుంది, ఇది వేలు పెట్టిన పిల్లి" అంది. ఆ వేలితోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు టీవీ చూస్తూ నమలకుండా మింగేది కూడా పాండా తిండేనని మాత్రం గుర్తుంచుకోండి. దాలికీ కడుపుకీ తేడా ఏమిటంటే, ఆవు కడుపులో గడ్డిని ఉడికించేవి పిడకలు కావు, కంటికి కనపడని కోట్ల సూక్ష్మజీవులు. ఇంకా లాగితే నా కుండ పగులుతుంది.

మధ్యాహ్నం పాన్‌జియాయువాన్ పాతసామాన్ల సంతకు వెళ్లాం. తెల్లవారకముందే లాంతరు వెలుగులో బేరాలు సాగే ఇలాంటి వాటిని ఇక్కడ దెయ్యాల సంతలంటారు. నేను వెళ్లింది పట్టపగలు, దెయ్యాలేం కనపడలేదు. నేల మీద గుడ్డ పరిచి పింగాణీ, పచ్చరాళ్లు, నాణేలు పెట్టారు. భాష రాదుగా, అమ్మేవాడు క్యాలిక్యులేటర్ మీద ఒక నాణెం ధర కొట్టి చూపిస్తే నేను అందులో సగం కొట్టాను. అతను గుండె పట్టుకున్నాడు. చివరికి నవ్వుకుంటూ ఇచ్చాడు. అంటే నేను ఎక్కువే ఇచ్చానన్నమాట. ఇక్కడ పాతవాటికన్నా పాతబడేలా చేసినవే ఎక్కువట. నా నాణెం ఏ రకమో ఏమో.

దాని మధ్యలో చతురస్రంగా కంత ఉంది. పూర్వం ఇక్కడ నాణేలను అచ్చులో లోహం పోసి తీశాక అంచులు గరుకుగా ఉండేవి. నాణేలన్నీ నలుచదరపు కడ్డీకి గుచ్చి ఒకేసారి ఆకురాయితో రాసేవారు. కంత గుండ్రంగా ఉంటే అవి తిరిగిపోతాయి కదా! తర్వాత అదే కంతలో తాడు ఎక్కించి దండలు కట్టి లెక్కించేవారు.

మన పాత నాణెం చిల్లు కానీ ఉంది కదా, దాని కంత మాత్రం గుండ్రం. అది యుద్ధం రోజుల్లో, 1943లో, లోహం ఆదా చేయడానికి పుట్టింది. నాకు మొలతాడుకు కట్టారు. నాయనమ్మ దేవుడి మందసంలో ఒకటుంది, అడిగి తీసి చూడండి. దాని అంచు మీద గోరు పెట్టి గీయండి, నా నాణెం వచ్చాక దీని అంచూ గీయండి.

సాయంత్రం వీధి చివర గేదెల దగ్గరికి కూడా వెళ్లండి. ఒక ముద్దను ఎన్నిసార్లు నములుతుందో లెక్కపెట్టి నాకు రాయండి. బాబీ, నువ్వు మధ్యలో లెక్క మరిచిపోతావు, వేళ్లు మడవడం చిన్నికి అప్పగించు.

మీ తాతయ్య