లాటు వేరు, ధర వేరు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణానికి ప్రోగ్రామ్ రాస్తున్నామనుకుందాం. రైతు తెచ్చిన లాటు ఒక ఆబ్జెక్టు, అంటే దాని వివరాలన్నీ ఒకచోట కట్టిన మూట. దానికి పలికిన ధర ఇంకొక ఆబ్జెక్టు. రెండు తేజ రకం మిర్చి లాట్లకూ క్వింటాకు 16,000 పలికింది కదా అని ఒకే ధర ఆబ్జెక్టును రెండింటికీ తగిలించాం. కాసేపటికి మొదటి లాటులో తాలు కాయలు బయటపడి బేరం 15,500కు దిగింది. గుమస్తా ఆ ధర దిద్దగానే, ఏ తాలూ లేని రెండో రైతు చీటీలోనూ 15,500 అచ్చవుతుంది. ప్రోగ్రామ్ ఆగదు, తప్పు చూపదు. లాట్లు దాచుకున్నది ధరను కాదు, మెమొరీలో అది ఉన్న చోటును.

ఆబ్జెక్టు ఎలా ఉండాలో చెప్పే నమూనా క్లాసు. ఇలా చోటును మాత్రమే పంచే రిఫరెన్స్ క్లాసు స్వభావం ఇదే. సీ షార్ప్, స్విఫ్ట్ భాషల్లోని స్ట్రక్ట్ అలా కాదు, అది వాల్యూ. ఒక చోటి నుంచి ఇంకొక చోటికి ఇస్తే నకలు వెళుతుంది.

ఏది ఎప్పుడు వాడాలన్న చర్చ చాలామంది వేగంతో మొదలుపెడతారు. నేను ముందు అడిగేది వేరు: లోపలి వివరాలన్నీ ఒకటే అయితే ఆ రెండూ ఒకటేనా? రెండు 16,000లలో ఏది ఏదని అడగడానికి అర్థమే లేదు. చెరి నలభై టిక్కీల (మిర్చి బస్తాల) తేజ లాట్లు మాత్రం ఎన్నటికీ ఒకటి కావు, డబ్బు అందుకునేది ఇద్దరు రైతులు. ఆరి బరువు తగ్గినా లాటు అదే లాటు. కనుక లాటు రిఫరెన్స్, ధర వాల్యూ.

వేగం సంగతీ చిన్నదేమీ కాదు. 64 బిట్ల జావాలో రెండు పూర్ణాంకాలకు కావలసింది 8 బైట్లే అయినా, ఆబ్జెక్టు సాధారణంగా 24 బైట్లు తింటుంది. దాని చిరునామాకు మరో 4. అయితే పెద్ద స్ట్రక్ట్‌ను మాటిమాటికీ నకలు తీయడమూ ఖర్చే. అందుకే 16 బైట్ల లోపు ఉంచమని మైక్రోసాఫ్ట్ సలహా.

అసలు మందుపాతర, మార్చడానికి వీలున్న స్ట్రక్ట్. జాబితాలోంచి ధరను ఒక చలరాశిలోకి తీసి దిద్దుతాం. దిద్దుబాటు నకలుకే పడుతుంది, జాబితాలో పాత ధరే కూర్చుని ఉంటుంది. కాబట్టి వాల్యూ అన్నదాన్ని పుట్టాక మార్చనివ్వకూడదు. జావాలో పాత డేట్ క్లాసును మార్చవచ్చు. 2014లో వచ్చిన లోకల్‌డేట్‌ను మార్చలేం, రోజులు కలిపితే కొత్త తేదీ చేతికిస్తుంది. ధరనూ అలాగే రాస్తే రిఫరెన్స్‌ను పంచుకున్నా రెండో రైతుకు నష్టం లేదు.

లోపలి వివరాలు ఒకటైనా ఇది వేరు, అది వేరు అనిపించేది గుర్తింపు. అది అక్కర్లేని చోట ఉంటే వింతలూ పుడతాయి. జావాలో రెండు ఇంటీజర్ (పూర్ణాంకాన్ని ఆబ్జెక్టుగా చుట్టే క్లాసు) చలరాశుల్లో 127 ఉంచి రెండు సమాన గుర్తులతో పోలిస్తే సమానమంటుంది. 128 ఉంచితే మామూలుగా కాదంటుంది! ఆ గుర్తులు పోల్చేది సంఖ్యను కాదు, ఆబ్జెక్టు ఉన్న చోటును; −128 నుంచి 127 వరకు ఆబ్జెక్టులను జావా ముందే తయారుచేసి పంచుతుంది మరి. ఇలాంటి ఆబ్జెక్టులకు గుర్తింపు తీసేయడానికే 2014 నుంచి జావాలో వల్హల్లా అనే ప్రాజెక్టు నడుస్తోంది.

తేలికగా తేలనిది టిక్కీ. లాటు మొత్తాన్ని తూచే దుకాణానికి అది ఒక సంఖ్య మాత్రమే. ఒక్కో టిక్కీకి విడి చీటీ కట్టి, ఏది ఎప్పుడు బయటికి వెళ్లిందో రాసుకునే శీతల గిడ్డంగి ప్రోగ్రామ్‌లో అదే టిక్కీకి క్లాసు కావాలి.